రోత పంపే బిళ్ల

సీసా మూత తీయగానే గదంతా వాసన కమ్ముకుంది.

"ముక్కు మూసుకోకండి," అన్నాడు డాక్టర్ శశిభూషణ్. "గట్టిగా పీల్చండి. రోత పుట్టాలి. పుట్టాక దాన్ని ఆపుకోకూడదు."

నూకరత్నం పీల్చింది. కుళ్లిన కొవ్వు, మాడిన ఎముక, వాటిని కప్పిపుచ్చడానికి కలిపిన తియ్యటి వేరుశనగ సెంటు. తాతాజీ షెడ్డులో పోలీసులు పట్టుకున్న నూనె అది. ఆమె కడుపులో ఏదో మెలితిరిగి గొంతులోకి ఎగదన్నింది. మెడ వెనక అతికించిన చిన్న బిళ్ల వెచ్చబడింది.

ఎదురుగా తెర మీద, గోదావరి అవతలి జైల్లో, తాతాజీ సత్తు కంచం ముందు కూర్చుని ఉన్నాడు. అన్నం, పప్పు, వంకాయ కూర. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు. అంతలో దవడ ఆగిపోయింది. కళ్లు పెద్దవయ్యాయి. ముద్దను కంచంలోనే ఉమ్మేసి, నేలమీదికి వంగి భళ్లున కక్కుకున్నాడు. గడ్డం మీదుగా జిగట తీగలా సాగింది.

నూకరత్నం పకపకా నవ్వింది. మొగుడు పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

ఆమె మొగుడు గవర్రాజు కాకినాడలో, జగన్నాథపురం వంతెన దగ్గర మెస్సు నడిపేవాడు. వండింది తను తిన్నాకే నలుగురికీ పెట్టేవాడు. కొత్త నూనె డబ్బా వస్తే అందులో మొదటి వాయి తనే వేయించుకుని తినేవాడు. తాతాజీ పంపిన డబ్బాలోని నూనెలో వేయించిన గారెలు అలాగే తిన్నాడు. పశువుల ఎముకలూ కొవ్వూ మరిగించి, రంగు తేటపడడానికి ఏదో మందు కలిపి, మంచి నూనె పేరుతో అమ్ముతున్నాడు తాతాజీ. రెండు రోజులు వాంతులు చేసుకుని గవర్రాజు ఆసుపత్రి వరండాలో ప్రాణం వదిలాడు. మంచాలు ఖాళీ లేక ఆఖరి పూటంతా నూకరత్నం ఒళ్లోనే ఉన్నాడు. పోయేముందు ఒక మాట అన్నాడు. అది ఆమె ఎవరికీ చెప్పలేదు, కూతురు జ్యోత్స్నకి కూడా.

తాతాజీకి యావజ్జీవం పడింది. కల్తీ తిండితో మనుషుల్ని చంపినవాళ్ల కోసం ఆ మధ్యే కొత్త చట్టం వచ్చింది. నేరస్తుడు "వాహిని"కి ఒప్పుకుంటే శిక్షా కాలం తగ్గుతుంది. తాతాజీ ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. అదేదో చిన్న బిళ్ల పెట్టించుకోవడమే కదా అనుకున్నాడు.

"నొప్పి పుట్టించే యంత్రం ఎవడైనా చేస్తాడండి," అని మొదటిరోజే చెప్పాడు శశిభూషణ్. కాకినాడ శివార్లలో సముద్రం వైపున్న ఆ ప్రయోగశాల అతనిదే. "అసహ్యం అలా కాదు. దాన్ని యంత్రం పుట్టించలేదు. ఓ మనిషిలో నిజంగా పుట్టాలి. పుట్టినదాన్ని ఇంకో మనిషికి మోయడమే మా వాహిని పని. వాడు తినడానికి కూర్చోగానే మీ మెడ దగ్గర చురుక్కుమంటుంది. మీకు రోత పుడితే వాడికీ పుడుతుంది. మీకు పుట్టకపోతే వాడు హాయిగా తింటాడు."

"ఎన్నాళ్లండి?" అని అడిగింది నూకరత్నం.

"మీరు చాలు అనేదాకా."

"నేననను," అంది.

*

మొదట్లో ఆ సీసాని ఆమె కొంగున కట్టుకు తిరిగేది. మెడ దగ్గర చురుక్కుమనగానే, బస్సులో ఉన్నా బజార్లో ఉన్నా, మూత తీసి పీల్చేది. పక్కనున్నవాళ్లు ముక్కులు మూసుకుని దూరం జరిగేవాళ్లు. ఎక్కడో తాతాజీ ముద్ద ఉమ్మేస్తున్నాడన్న తలపుతో ఆ పూటంతా ఆమె ఒళ్లు తేలికగా ఉండేది. వాడు మరీ చావకుండా జైలు డాక్టర్లు సెలైన్ ఎక్కించేవారు.

కానీ ముక్కు దేనికైనా అలవాటు పడుతుంది. కొన్ని వారాలకి సీసా మూత తీసినా ఆమెకి కడుపులో కదలిక లేదు. ఆ వారం ప్రయోగశాలకి వెళితే తెర మీద తాతాజీ పెరుగన్నం తింటూ కనిపించాడు. వేళ్లు నాకుతున్నాడు. మీసానికి అంటిన మెతుకుని నాలుకతో లాక్కున్నాడు.

"వీడు తింటన్నాడు!" అని కుర్చీలోంచి లేచిపోయింది నూకరత్నం. "డాట్రుగారూ, వీడు తింటన్నాడండి!"

"సీసా పని అయిపోయిందమ్మా. ఇంకా లోతుగా వెళ్లాలి. మీకు బాగా అసహ్యం కలిగిన రోజేదైనా ఉంటే, దాన్ని గుర్తు తెచ్చుకోండి."

ఆమె కళ్లు మూసుకుంది. ఆసుపత్రి వరండా. ఆకుపచ్చ గోడ. ఫినాయిలు. దోసిలి పట్టిన తన చేతుల్లో మొగుడి కడుపులోంచి వెచ్చగా పడుతున్న పసుపుపచ్చటి నీళ్లు, అందులో అరగని మినప్పప్పు పలుకులు. అన్నీ పక్కనపెట్టి ఆ నీళ్లనే చూసింది. వాటి వాసననే పీల్చింది. ఛీ అనుకుంది. మళ్లీ మళ్లీ ఛీ అనుకుంది.

తెర మీద తాతాజీ కంచంలోకే కక్కుకున్నాడు.

"అద్భుతం!" అన్నాడు శశిభూషణ్ యంత్రం గీసిన గీతలు చూస్తూ. "ఇంత బలమైన సంకేతం మాకు ఎవరి దగ్గరా రాలేదు."

ఆ రోజునుంచి పూటపూటకీ నూకరత్నం ఆ వరండాలోకి వెళ్లి వచ్చేది.

*

మెస్సు మూతపడింది. గవర్రాజు వంట తిని జబ్బుపడ్డవాళ్లు ఆ వీధిలో చాలామందే ఉన్నారు. తప్పు నూనెదని తెలిసినా ఆ గడప తొక్కడానికి ఎవరికీ మనసొప్పలేదు. జ్యోత్స్న కంటి ఆసుపత్రిలో పేర్లు రాసుకునే పనికి కుదిరింది. వంట కూడా ఆ పిల్లే చేసేది.

నూకరత్నానికి తిండి సయించడం మానేసింది. ముందు మాంసం వద్దంది. తర్వాత పాలు. తర్వాత కుక్కరు మూత తీస్తే వచ్చే అన్నం ఆవిరి కూడా పడేది కాదు. బస్సులో ఎవరైనా నోరు తెరిచి ఆవులిస్తే, వాళ్ల పళ్ల సందున ఇరుక్కున్నది కనిపించి తల తిప్పుకునేది. వాకిట్లో పసివాళ్ల చీమిడి, పక్కింటావిడ వేళ్లకంటిన పచ్చడి, చివరికి తన సొంత ఉమ్మి. రోత పిలిస్తే వచ్చేది కాస్తా పిలవకుండానే రావడం మొదలుపెట్టింది. వచ్చింది ఇంట్లోనే తిష్టవేసింది.

ఓ సాయంత్రం జ్యోత్స్న పనినుంచి వచ్చి, చెప్పులు విడిచి, తల్లి భుజానికి తల ఆనించింది. చిన్నప్పటి అలవాటు. నూకరత్నం గబుక్కున పక్కకి జరిగింది. పిల్ల జుట్టులోంచి వచ్చే చెమట, నూనె వాసనకి ఆమె చెయ్యి తనంతట తనే ముక్కు దగ్గరికి వెళ్లింది.

జ్యోత్స్న చూసింది.

"నేనన్నా రోతేనా అమ్మా?"

"అది కాదే, ఎండనపడి వచ్చావు గదా..."

"నిన్న నాన్న వండినట్టే ఆవపెట్టి పనసపొట్టు కూర చేశాను. నోట్లో పెట్టుకుని దొడ్లోకెళ్లి ఉమ్మేశావు. నేను చూడలేదనుకున్నావా?"

అంతలో నూకరత్నం మెడ వెనక చురుక్కుమంది. అవతల తాతాజీ కంచం ముందు కూర్చున్నాడు. కూతురు ఎదురుగా నిలబడి ఏడుస్తూ ఉండగానే ఆమె కళ్లు మూసుకుని వరండాలోకి వెళ్లిపోయింది.

తిరిగి వచ్చేసరికి జ్యోత్స్న లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత ఒకసారి నూకరత్నం మొగుడి ఫోటో తుడవబోయింది. పెళ్లినాటి ఫోటో, కొత్త చొక్కా, వంకర పాపిడి. చూడగానే ఆమెకి వాంతి వచ్చింది. సింకు దగ్గరికి పరిగెత్తి కక్కుకుని, కుళాయి పట్టుకుని చాలాసేపు నిలబడింది. మొగుడి మొహం తలచుకుందామంటే మొహం రావడం లేదు. పసుపు నీళ్లు వస్తున్నాయి. పోపు వేసేటప్పుడు అతని ఈల తలచుకుందామన్నా అవే నీళ్లు. పాతికేళ్ల కాపురంలో ఆమెకి మిగిలింది ఆ దోసెడే.

*

తాతాజీ ఆమెను కలవాలని అర్జీ పెట్టుకున్నాడని శశిభూషణ్ చెప్పాడు. "క్షమాపణ అడుగుతాడట. మీ ఇష్టం. ఎదురుగా చూస్తే సంకేతం ఇంకా బలపడొచ్చు," అన్నాడు.

జ్యోత్స్న తోడు వచ్చింది. జైలు గదిలో మధ్యన కమ్మీలు. అవతల స్టూలు మీద తాతాజీని తెచ్చి కూర్చోబెట్టారు. ఒకప్పుడు గంధం రంగు సిల్కు చొక్కాలో, కారులోంచి చెయ్యి ఊపే మనిషి. ఇప్పుడు చర్మం ఎముకలకి తగిలించినట్టు వేలాడుతోంది. కడుపులోంచి ఎగదన్నే పులుపుకి పళ్లు పుచ్చిపోయాయి. పెదవుల మూలల్లో తెల్లగా ఎండిన చార. అతను నోరు తెరవగానే వచ్చిన గాలికి జ్యోత్స్న చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా, మీ కాళ్లు పట్టుకుంటానమ్మా," అన్నాడు. కన్నీళ్లు కారాయి. వాటితోపాటు ముక్కు కూడా కారింది. చేత్తో తుడుచుకుని ఆ చేతిని పంచెకి రాసుకున్నాడు. "నేనొక్కణ్ణే చేశానా చెప్పండి? ఈ వ్యాపారంలో అందరూ అదే సరుకమ్మా. నా కర్మ కాలి నేను దొరికాను. మందు కలిపింది కూడా నేను కాదు, పనోడు. నాకూ పెళ్లాం పిల్లలున్నారు."

నూకరత్నం అతన్నే చూస్తోంది. పశ్చాత్తాపం ఉంటుందనుకుని ఆమె రాలేదు. కానీ ఇంత కుళ్లులో కూడా బేరం ఆడుతున్న ఆ గొంతు విని ఆమెకి ఒళ్లు జలదరించింది.

"ఇంతకు ముందు నూనె వాసనొచ్చేదమ్మా. అదైనా ఎలాగోలా ఓర్చుకునేవాణ్ణి," అన్నాడు తాతాజీ. "ఇప్పుడొచ్చేది అది కాదు. ఏదో ఆసుపత్రొత్తంది."

"ఏ ఆసుపత్రి?"

"నాకేం తెలుసు? ఆకుపచ్చ గోడుంటది. ఫినాయిలు కంపు. ముద్ద నోట్లో పెట్టగానే నా చేతుల్లో వెచ్చగా ఏదో పడతది. పచ్చటి నీళ్లు, పప్పు పలుకులూనూ." తాతాజీ రెండు చేతులూ దోసిలిపట్టి చూపించాడు. "ఒకడు నా ఒళ్లో పడుకుని ఉంటాడు. వాడు నాకేసి చూసి, 'నీ చేతులు పాడుచేసేశాను రత్తాలూ' అంటాడు. పూటపూటకీ అదే మాట. పిచ్చెక్కిపోతంది. ఎవరమ్మా ఆ రత్తాలు?"

జ్యోత్స్న మెల్లిగా తల్లి వైపు తిరిగింది. ఆమెను రత్తాలు అని పిలిచే మనిషి లోకంలో ఒక్కడే ఉండేవాడని ఆ పిల్లకి తెలుసు. "నాన్న... అలా అన్నాడా?"

నూకరత్నం లేచింది. కూతురి భుజం పట్టుకుంది. వెనక తాతాజీ ఇంకా అరుస్తున్నాడు. "అమ్మా, చాలనండమ్మా! ఒక్క మాట! బయటికొచ్చాక మీకు కొత్త మెస్సు పెట్టిత్తాను!"

జైలు గేటు బయట కాలువలోకి వంగి ఆమె కక్కుకుంది. కడుపులో ఏమీ లేదు. చేదు మాత్రం వచ్చింది. తన మొగుడు తనను పిలిచే పిలుపు ఆ పుచ్చుపళ్ల సందులోంచి రావడం చెవుల్లో మోగుతూనే ఉంది. దాన్ని అక్కడ పెట్టింది తనే. పూటపూటకీ మోసుకెళ్లి పెట్టింది.

*

తిరుగు బస్సు వంతెన దాటింది. కిటికీలోంచి గాలి కొడుతోంది.

"మరి నువ్వేమన్నావు?" అని అడిగింది జ్యోత్స్న. "నాన్న అలా అన్నప్పుడు?"

నూకరత్నం గుర్తు చేసుకోబోయింది. నీళ్లు వచ్చాయి, వాసన వచ్చింది. వాటి వెనక్కి వెళ్లడానికి ప్రయత్నించింది. ఇన్ని నెలలుగా ఎన్నిసార్లు ఆ వరండాలోకి వెళ్లినా, నీళ్ల దగ్గరే ఆగిపోయింది కానీ మొహం దాకా వెళ్లలేదు.

"చేతులదేవుంది, కడుక్కుంటే పోద్ది అన్నాను," అంది చివరికి. "దానికి నవ్వాడు. నవ్వితే మళ్లీ వాంతయింది. అప్పుడు ఇద్దరికీ నవ్వొచ్చింది."

"నవ్వారా?"

"ఆ. పక్కన నర్సు తిట్టింది కూడాను." "జ్యోచ్నా, ఆ రోజు నాకు రోత పుట్టలేదే. దోసిలి నిండా పట్టుకున్నాను, ఒక్క క్షణం కూడా పుట్టలేదు. ఆడు బతికితే చాలనుకున్నాను. రోతంతా తరవాత నేను పూసిందే. ఈడికి పంపడానికి నేను పూసిందే."

జ్యోత్స్న తల్లి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

*

మర్నాడు నూకరత్నం ప్రయోగశాలకి వెళ్లింది. జైల్లో జరిగింది విని శశిభూషణ్ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు.

"మాట కూడా చేరిందా? గోడ రంగు కూడా?" అంటూ గదిలో అటూ ఇటూ తిరిగాడు. "అసహ్యంతోపాటు జ్ఞాపకం కూడా ప్రయాణం చేస్తోందన్నమాట! నూకరత్నంగారూ, ఇది ఎంత పెద్ద విషయమో మీకు తెలియదు. ప్రపంచంలో ఎవరూ చెయ్యలేదు. ఇంకొన్నాళ్లు ఇలాగే కొనసాగించండి. ఆ రోజు గురించి ఇంకా ఏమేం చేరుతున్నాయో చూద్దాం."

ఆ సంబరం చూస్తే ఆమెకి తాతాజీ వేళ్లు నాకడం గుర్తొచ్చింది.

"చాలండి," అంది.

అతను ఆగాడు. "వాడు మారలేదు కదమ్మా. మీరే చెప్పారు, ఇప్పటికీ పనివాడి మీదికి తోస్తున్నాడని. అలాంటివాణ్ణి వదిలేస్తారా?"

"ఆడు మారలేదు, మారడు. నేనేం క్షమించలేదు. ఈ జన్మకి క్షమించను. జైల్లోనే ఉండనీండి, ఆడి మానాన ఆడు తిని చావనీండి." ఆమె మెడ వెనకకి చెయ్యి పోనిచ్చింది. "నా మొగుణ్ణి రోజూ తీసికెళ్లి ఆడి నోట్లో పెట్టొత్తన్నానండి నేను. మీరు దాన్ని కొలుత్తన్నారు. ఛీ. చాలు. మీ కాయితంలో ఎలా రాసుకుంటారో రాసుకోండి, చాలన్నాను."

చట్ట ప్రకారం ఆ మాట తర్వాత అతను ఏమీ చెయ్యలేడు. బిళ్ల ఊడదీశాడు. దాని కింద చర్మం నాని, తెల్లగా పాలిపోయి ఉంది.

"ఆడి బుర్రలోకి పోయింది వెనక్కి తీయగలరా?" అని అడిగింది.

శశిభూషణ్ దూదితో ఆమె మెడ తుడుస్తున్నాడు. మొదటిసారి అతని మొహంలో సంబరం పోయింది. "లేదమ్మా. పంపడమే తెలుసు మాకు. అది వాడు బతికున్నంతకాలం వాడిలోనే ఉంటుంది."

నూకరత్నం తల ఊపింది. చేసింది తనే. ఆ మాట ఎవరితోనూ అనకుండా బయటికి నడిచింది.

*

ఆ పూటే తాతాజీ కడుపునిండా తిన్నాడని, పెరుగు మారు అడిగాడని జైలు మనిషి ఫోన్ చేసి చెప్పాడు. బాధితులకి తెలియజేయాలన్నది రూలట. ఫోన్ పెట్టేసిన నూకరత్నం చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీదికి వెళ్లింది. అక్కడ గాజుగుడ్డ తప్ప ఏమీ లేదు. రోత పుట్టింది. పోవడానికి దారి లేక లోపలే గుడగుడలాడింది. ఆమె గోడకానుకుని కూర్చుని అది తగ్గేదాకా ఉంది. తగ్గింది. మర్నాడు మళ్లీ వచ్చింది. మళ్లీ తగ్గింది.

ఆ వర్షాకాలమంతా అలాగే గడిచింది. అన్నం ఆవిరికి ఇంకా తల తిప్పుకునేది. మజ్జిగన్నం దిగేది, పప్పు దిగేది కాదు. జ్యోత్స్న తల దువ్వడానికి కూర్చుంటే సగంలో లేచి వెళ్లి నోరు కడుక్కుని వచ్చి మళ్లీ దువ్వేది. పిల్ల జడ సగంలో పెట్టుకుని కూర్చునేది.

వానలు తగ్గాక ఒక ఉదయం ఆమె ఒక్కతే చేపల మార్కెట్టుకి వెళ్లింది. ఎందుకు వెళ్లిందో ఆమెకే సరిగా తెలియదు. నేలంతా పొలుసులూ, నెత్తురు నీళ్లూ. ఈగలు ముసిరిన పేగుల కుప్పలు. గట్టు మీద కూర్చున్న ఆవిడ ఒక చందువా ఎత్తి, మొప్పలు విప్పి ఎర్రగా చూపించింది. నూకరత్నం గబగబా పక్కకెళ్లి కాలువలో కక్కింది.

చేపలావిడ లోటాతో నీళ్లు అందించింది. "నెల తప్పిందా ఏటమ్మా?"

"ఈ వయసులోనా!"

"ఏవో, ఎవరు చూశారు," అంది ఆవిడ. రెండో గట్టు మీదివాళ్లు కూడా నవ్వారు. నూకరత్నం నోరు పుక్కిలించి, కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ గట్టు ముందుకి వచ్చింది. చందువా మొప్పల్ని తనే వేలితో విప్పి చూసింది. "ఇది నిన్నటిది. అడుగునున్నది తియ్యి," అంది.

ఇంటికొచ్చి పెరట్లో కత్తిపీట వేసుకుంది. పొట్ట చీల్చి లోపలికి వేళ్లు పోనిచ్చి పేగులు లాగింది. కడుపు తిప్పింది. ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ చెయ్యి పెట్టింది. ఉప్పు వేసి రుద్దింది. చింతపండు నానేసింది. పులుసు మరుగుతుంటే కిటికీ దగ్గరికి పోయి నిలబడి, కాసేపాగి వచ్చి గరిటె తిప్పేది.

జ్యోత్స్న వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. వంటింట్లోంచి వాసన వీధిదాకా వస్తోంది.

"ఎవరన్నా వస్తున్నారా అమ్మా?"

"ఎవరూ లేరు." నూకరత్నం పొయ్యి కట్టేసింది. మొహం ఇంకా పాలిపోయే ఉంది. "రెండు కంచాలు పెట్టు. నేనూ తింటాను."